ఇంటిపేరే తలరాత

అడుసుమిల్లి వారి అబ్బాయి, యార్లగడ్డ వారి అమ్మాయి ఒకే పార్టీ తరఫున, ఒకే వార్డులో పోటీకి దిగారనుకుందాం. ఊరు గ్లాస్గో. ఇద్దరిదీ ఒకే జెండా, ఒకే కరపత్రం. బ్యాలెట్ పత్రంలో మాత్రం అబ్బాయి పేరు అందరికన్నా పైన, అమ్మాయి పేరు అట్టడుగున. అక్కడ పేర్లన్నీ ఇంటిపేరులోని ఇంగ్లిష్ అక్షరాల వరసలోనే అచ్చవుతాయి మరి. ఇద్దరిలో మొదటి ప్రాధాన్య ఓట్లు ఎవరికి ఎక్కువ పడతాయని స్కాట్లాండ్ స్థానిక ఎన్నికలు చూసినవారిని అడగండి. అబ్బాయికేనని కళ్లు మూసుకుని చెబుతారు. ఓటు విలువను దశాంశం తర్వాత అయిదో అంకె దాకా లెక్కగట్టే పద్ధతి అది. అంత నిక్కచ్చి లెక్క, పేర్ల వరస దగ్గరికి వచ్చేసరికి కళ్లకు గంతలు కట్టుకుంటోంది. అక్కడి 32 కౌన్సిళ్లకు మళ్లీ 2027 మే 6న ఎన్నికలు జరగాలి. ఓట్ల నిష్పత్తిలో సీట్లు పంచే ఈ దామాషా పద్ధతిలో మార్చాల్సింది ఏదైనా ఉందంటే ముందు ఈ వరసేనని మా అభిప్రాయం.

పద్ధతిని మొత్తంగా తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అది ఎందుకు వచ్చిందో తెలియాలంటే 2003 నాటి గ్లాస్గో ఫలితం చూడాలి. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వారిదే సీటు అన్న పాత పద్ధతిలో లేబర్ పార్టీకి సగం కంటే తక్కువ ఓట్లు పడ్డాయి. సీట్లు మాత్రం 79లో 71 దక్కాయి. మిగిలిన సగం నగరానికి కౌన్సిల్లో గొంతు ఎనిమిది మందిదే. ఆ ఏడాది స్కాట్లాండ్ మొత్తం మీద 61 వార్డుల్లో పోటీయే జరగలేదు. మన పల్లెల్లో ఏకగ్రీవమైతే ప్రభుత్వం నజరానా ఇచ్చి సన్మానిస్తుంది. అక్కడ దాన్ని ఓటరు చేతిలోంచి ఓటు లాక్కోవడంగా చూశారు. స్థానిక పాలనను పరిశీలించిన మెకింటాష్ కమిషన్ 1999లో, కెర్లీ కమిటీ 2000లో దామాషా వైపు మొగ్గు చూపాయి. లేబర్, లిబరల్ డెమొక్రాట్ల సంకీర్ణం 2004లో చట్టం తెచ్చింది. 2007 మే 3న తొలి ఎన్నిక జరిగింది. గ్లాస్గోలో లేబర్ 45కి దిగింది, స్కాటిష్ నేషనల్ పార్టీకి 22 వచ్చాయి, గ్రీన్స్ తొలిసారి అయిదు సీట్లతో కౌన్సిల్లో అడుగుపెట్టారు. పోటీ లేని వార్డు ఆ ఏడాది ఒక్కటీ లేదు.

ఈ పద్ధతిని మన పాఠకులకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో 1, 2, 3 అని ప్రాధాన్యాలు వేసే ఓటే అదీ. కాకపోతే ఎమ్మెల్సీ స్థానం ఒక్కటే. ఒక్క సీటును పంచేదేముంటుంది? పేరుకు దామాషా అంటున్నా, అక్కడ జరిగేది సగానికి పైగా ఓట్లు తెచ్చుకునే ఒక్కరిని తేల్చడం. స్కాట్లాండ్ వార్డుకు ముగ్గురో నలుగురో సభ్యులుంటారు. 2020 నాటి చట్టం ఇద్దరి నుంచి అయిదుగురి దాకా వీలు కల్పించింది, దీవులకు ఇంకాస్త సడలింపు ఉంది. ఒకే వార్డులో సీట్లు నలుగురి మధ్య పంపకమవుతాయి కాబట్టే అక్కడ దామాషాకు అర్థముంది.

లెక్క ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. నాలుగు సీట్ల వార్డులో చెల్లిన ఓట్లు 6,004 అనుకుందాం. సీట్లకు ఒకటి కలిపి, అంటే అయిదుతో భాగిస్తే 1,200.8 వస్తుంది. చుక్క తర్వాతది వదిలేసి, ఒకటి కలిపితే కోటా 1,201. అంతకు ముట్టినవారు గెలిచినట్టే. ఒక అభ్యర్థికి మొదటి ప్రాధాన్య ఓట్లే 1,700 వచ్చాయి. కోటా పోను మిగులు 499. ఇప్పుడు ఏ 499 పత్రాలను పక్కకు తీయాలి? పైవా, కిందివా? ఈ ప్రశ్నకు స్కాట్లాండ్ జవాబు సొగసైనది. ఏవీ విడిగా తీయరు, 1,700 పత్రాలూ కదులుతాయి. ఒక్కోదాని విలువ మాత్రం 499ని 1,700తో భాగిస్తే వచ్చే 0.29352. ఆరో అంకె నుంచి కోసేస్తారు, పైకి సవరించరు. ఆ పత్రాల్లో వెయ్యింటి మీద రెండో ప్రాధాన్యం ఒకరికే ఉంటే, ఆయన ఖాతాలో 293.52 ఓట్లు చేరతాయి. మరో 400 ఇంకొకరికి 117.408 ఇస్తాయి. మిగతా 300 మంది 1 వేసి ఊరుకున్నారు. వారి వాటా 88.056 ఎవరికీ చెందక పక్కకు పోతుంది. మూడూ కూడితే 498.984. అంకెలు కోసేయడంలో పోయింది 0.016 ఓటు.

ఐర్లండ్ పార్లమెంటు ఎన్నికల్లో ఇలా ఉండదు. బదిలీ ఓట్లతో ఎవరైనా కోటా దాటితే, ఆఖరున వచ్చిన కట్టలోంచే మిగులు పత్రాలను తీస్తారు. మళ్లీ లెక్కిస్తే ఒకటి రెండు ఓట్లు అటూ ఇటూ కావచ్చు. స్కాట్లాండ్‌లో ఎన్నిసార్లు లెక్కించినా అదే ఫలితం రావాలి. ఎవరూ కోటా దాటని రౌండ్లో అట్టడుగు అభ్యర్థిని ఎలిమినేట్ చేసి, ఆయన పత్రాలను అప్పుడున్న విలువతోనే తర్వాతి ప్రాధాన్యానికి పంపుతారు. సీట్లు ఎన్నో బరిలో మిగిలినవారూ అంతమందే అయినప్పుడు ఆట ముగుస్తుంది. చివరి సీటు గెలిచేవారు చాలాసార్లు కోటా ముట్టరు. ఒక్క అంకె వేసి వదిలేసిన ఓటర్లే అందుకు కారణం.

ఈ కూడికలు తీసివేతలన్నీ చేతితో చేయాలంటే ఏమవుతుందో 2021లో తెలంగాణ చూసింది. హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానంలో 93 మంది, వరంగల్-ఖమ్మం-నల్గొండలో 71 మంది పోటీ చేస్తే, ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేసుకుంటూ లెక్కింపు రేయింబవళ్లు రోజుల తరబడి నడిచింది. స్కాట్లాండ్‌లో గురువారం పోలింగ్, శుక్రవారం ఫలితం. పత్రాలు స్కానర్లోంచి పోతాయి. యంత్రం చదవలేని అంకె ఉంటే ఆ పత్రం బొమ్మ తెర మీదికి వస్తుంది, ఏజెంట్లు చూస్తుండగా అధికారి తేలుస్తాడు. కట్టలు కళ్లముందు పెరగవు కాబట్టి చూసేవారికి నమ్మకం చాలదన్న ఫిర్యాదు మొదట్నుంచీ ఉంది. అయితే లెక్కింపు తర్వాత ఏ వార్డులో ఏ వరస ప్రాధాన్యాలతో ఎన్ని ఓట్లు పడ్డాయో పూర్తిగా బయటపెడతారు. కావాలంటే ఇంట్లో కూర్చుని మీరే లెక్క సరిచూసుకోవచ్చు. అంతటి పారదర్శకత మన ఎమ్మెల్సీ ఎన్నికల్లో చూడగలమా?

ఇక పేర్ల వరస సంగతి. ఓటరుకు పార్టీ తెలుసు, ఆ పార్టీ నిలబెట్టిన ఇద్దరిలో ఎవరేమిటో చాలామందికి తెలియదు. పై నుంచి చదువుకుంటూ వస్తాడు, తన పార్టీ పేరు మొదట ఎక్కడ కనబడితే అక్కడ 1 వేస్తాడు, కిందనున్న రెండోవారికి 2 వేస్తాడు. పాపం రెండో అభ్యర్థి చెడ్డవాడేం కాదు. మొదటి ప్రాధాన్య ఓట్లు తక్కువై, పైవాడి మిగులు అందకముందే ఎలిమినేట్ అవుతాడు. 2022 వరకు జరిగిన నాలుగు ఎన్నికల్లోనూ ఈ ధోరణి కనిపించింది. దీన్ని కాచుకోవడానికి పార్టీలు వార్డును రెండుగా కోస్తాయి. ఈ వీధుల వాళ్లు ఆండర్సన్‌కు 1, విల్సన్‌కు 2 వేయండి, ఆ వీధుల వాళ్లు తిరగేసి వేయండి అని వేర్వేరు కరపత్రాలు పంచుతాయి. కార్యకర్తల బలమున్న పార్టీకే అది సాధ్యం. ఓటరు తన ఇష్టంతో పేర్చాల్సిన వరసను పార్టీ ఆఫీసు పేర్చడం మొదలుపెడితే, ఈ పద్ధతి ఇస్తానన్న స్వేచ్ఛ ఏమైనట్టు?

మందు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో, రాజధాని కాన్‌బెరా ప్రాంతంలో రాబ్సన్ రొటేషన్ అనే ఏర్పాటు ఏళ్లుగా నడుస్తోంది. ఒకే ఎన్నికకు బ్యాలెట్ పత్రాలను అనేక వరసల్లో అచ్చువేసి కలిపి పంచుతారు. ఒకరికి పైన కనబడిన పేరు పక్కవారికి మధ్యలో కనబడుతుంది. ఓట్లు చేతితో లెక్కిస్తే ఇది తలనొప్పే. స్కాట్లాండ్‌లో లెక్కించేది స్కానర్, ఏ పత్రం ఏ వరసదో దానికి ఒక గుర్తు చాలు. చూపు లేని ఓటర్లు వాడే స్పర్శ పలకలకు స్థిరమైన వరస కావాలన్నది న్యాయమైన అభ్యంతరం. వారికోసం ప్రతి పోలింగ్ కేంద్రంలో ఒకే వరస పత్రాలు కొన్ని విడిగా ఉంచవచ్చు. నమూనా బ్యాలెట్ చూపించడం కష్టమవుతుందని పార్టీలు గొణుగుతాయి. గొణగనివ్వండి.

చెల్లని ఓట్ల గోల కూడా ఉంది గానీ, దాన్ని గోరంతలు కొండంతలు చేశారు. 2007లో స్కాట్లాండ్ పార్లమెంటు, కౌన్సిల్ ఎన్నికలు ఒకే రోజు పెట్టారు. ఒకదానిలో ఇంటూ గుర్తులు, ఇంకోదానిలో అంకెలు. చెల్లకుండా పోయిన పార్లమెంటు ఓట్లు లక్షా నలభై ఆరు వేల దాకా ఉన్నాయి. అందులో పెద్ద పాత్ర అంకెలది కాదు. పార్లమెంటుకు ఒక్కో ఓటరు వేసే రెండు ఓట్లనూ (నియోజకవర్గానికి ఒకటి, ప్రాంతానికి ఒకటి) ఒకే కాగితం మీద ఇరికించిన డిజైన్‌ది. అదే రోజు అంకెలతో వేసిన కౌన్సిల్ ఓట్లలో చెల్లనివి 1.83 శాతమే. కెనడాకు చెందిన రాన్ గౌల్డ్ ఇచ్చిన నివేదిక తర్వాత రెండు ఎన్నికలనూ విడదీశారు, కౌన్సిల్ ఎన్నికను 2012కు మార్చారు. 2022లోనూ చెల్లనివి 1.85 శాతం. ఎక్కువగా చెడేది ఇద్దరికి 1 వేయడం వల్ల, లేదా ఇద్దరి ఎదుట ఇంటూ పెట్టడం వల్ల. 1, 2 తర్వాత 4 వేస్తే ఓటు మొత్తం పోదు, రెండో ప్రాధాన్యం వరకు చెల్లుతుంది. 2021లో మన రెండు పట్టభద్రుల స్థానాల్లో ఒక్కో చోట 20 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. డిగ్రీ ఉన్నవారి సంగతే అదయితే, స్కాట్లాండ్‌లో పేదవాడల ఓటరును వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. చెల్లని ఓట్లు ఎక్కువ పడేది మాత్రం ఆ వాడల్లోనే. కాబట్టి పోలింగ్ గదిలో గోడ మీది సూచనల కంటే, ముందుగా ఇంటికి వెళ్లి వివరించడానికి ఖర్చు పెట్టాలి.

మెజారిటీ రాదు, తెర వెనుక బేరాలే మిగులుతాయన్నది విమర్శకుల పెద్ద ఆయుధం. 2022 ఎడిన్‌బరా వారికి మంచి ఉదాహరణే. 63 సీట్లలో నేషనల్ పార్టీకి 19, లేబర్‌కు 13, లిబరల్ డెమొక్రాట్లకు 12, గ్రీన్స్‌కు 10, కన్సర్వేటివ్‌లకు 9. చివరికి 13 మంది లేబర్ సభ్యులే మైనారిటీ పాలకవర్గమయ్యారు, లిబరల్ డెమొక్రాట్లు, కన్సర్వేటివ్‌లు మద్దతిచ్చారు. అందరికన్నా పెద్ద పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది. చూడ్డానికి ఇబ్బందిగానే ఉంది. కానీ 19 మంది వెనుక 63లో సగం లేరన్నదీ నిజమే కదా. ఆ ఏడాది ఒకే పార్టీకి మెజారిటీ వచ్చింది డండీలో నేషనల్ పార్టీకి, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్‌లో లేబర్‌కు మాత్రమే. సగం ఓట్లు లేకుండా 71 సీట్ల పెత్తనం చేయడం కంటే, ప్రతి బడ్జెట్‌కూ ఎవరినో ఒకరిని ఒప్పించుకోక తప్పని 13 మంది మాకు మెరుగనిపిస్తారు.

మాకు నచ్చనిది ఉప ఎన్నిక. నాలుగు సీట్ల వార్డులో అయిదో వంతు ఓట్లతో గెలిచిన చిన్న పార్టీ సభ్యుడు చనిపోతే, ఖాళీ అయిన ఒక్క సీటుకు పోలింగ్ పెడతారు. గెలవాలంటే సగం కావాలి. సీటు పెద్ద పార్టీ ఖాతాలో పడుతుంది, సాధారణ ఎన్నికలో ఓటర్లు పంచిన దామాషా ఆరిపోతుంది. టాస్మేనియాలో అయితే వెళ్లిపోయినవారిని గెలిపించిన పత్రాలనే మళ్లీ తీసి, తర్వాతి ప్రాధాన్యం ఎవరికుందో లెక్కిస్తారు. స్కాట్లాండ్ దగ్గర ఆ పత్రాల స్కాన్లున్నాయి, లెక్కించే సాఫ్ట్‌వేర్ ఉంది. పోటీ లేని వార్డులు కూడా తిరిగి తల ఎత్తుతున్నాయి. 2022లో 8 వార్డుల్లో 18 మంది ఓటు పడకుండానే గెలిచారు. ఇది ఎక్కువగా అభ్యర్థుల కొరత, కౌన్సిలర్ జీతం, పని గంటల వ్యవహారం. ఓట్ల లెక్కతో తీరేది కాదు.

ఎడిన్‌బరా, గ్లాస్గో, అబర్డీన్ నగరాల్లో చదువుతున్న, పనిచేస్తున్న తెలుగువారు చాలామందికి అక్కడ తమకు ఓటుందన్న సంగతే తట్టదు. కామన్వెల్త్ దేశ పౌరులుగా, నివసించేందుకు అనుమతి ఉన్న భారతీయులు కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. వయసు పదహారు నిండితే చాలు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు పేరు నమోదు చేసుకోవాలి. చదువుకునే ఊరు, సెలవులకు వెళ్లే ఇల్లు వేర్వేరు కౌన్సిళ్లలో ఉంటే, రెండు చోట్లా నమోదై రెండింటికీ ఓటు వేసే వీలుంది. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా పోలింగ్, ఈ ఎన్నికకు ఫొటో గుర్తింపు కార్డు అడగరు. ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్ను ఉండదు, పెన్సిల్ ఉంటుంది. 1 వేసేముందు పత్రాన్ని కిందిదాకా ఒకసారి చదవండి. మీ పార్టీ నిలబెట్టిన రెండోవారి పేరు అట్టడుగున ఉందేమో చూడండి.