బ్యాండ్ వేయించుకునే ముందు పదో ఏడాది గురించి అడగండి

బరువు తగ్గించే ఆపరేషన్ల గురించి ఆరా తీసేవారిలో చాలామంది మనసు ముందుగా గ్యాస్ట్రిక్ బ్యాండ్ వైపు మొగ్గుతుంది. కారణం తెలుస్తూనే ఉంది. జీర్ణాశయాన్ని కోయరు, పేగుల దారి మళ్లించరు, పైభాగాన ఒక సిలికాన్ పట్టీ చుట్టి వదిలేస్తారు. నచ్చకపోతే తీసేయించుకోవచ్చు. ఆపరేషన్ అనగానే గుండె దడదడలాడే మనిషికి ఇంతకంటే ఊరటనిచ్చే మాట ఇంకొకటి ఉండదు. ఆ ఊరటే చాలామందిని తప్పుదారి పట్టిస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. బ్యాండ్ వేసే గంటసేపు నిజంగానే పెద్ద ప్రమాదమేమీ ఉండదు. అసలు కథ ఆ తర్వాతి సంవత్సరాల్లో నడుస్తుంది. నిర్ణయం తీసుకునేటప్పుడు ఎక్కువమంది చూడనిది కూడా దాన్నే.

బిగించడానికీ వదులు చేయడానికీ వీలున్న సిలికాన్ బ్యాండ్‌ను ల్యుబోమిర్ కుజ్మాక్ అనే సర్జన్ 1986లో అమెరికాలో వాడారు. 1993లో బెల్జియంలో మితికు బెలాచ్యూ దాన్ని లాపరోస్కోపీ పద్ధతిలో, చిన్న రంధ్రాల ద్వారా అమర్చారు. 2001లో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అక్కడి నుంచి దాని దశ తిరిగింది. 2009లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో బ్యాండ్ వేయించుకున్న దాదాపు 1,200 మందిలో మొదటి 30 రోజుల్లో ఒక్కరు కూడా చనిపోలేదు. 2011 నాటికి ఆ దేశంలో జరిగే బరువు ఆపరేషన్లలో మూడోవంతు బ్యాండ్‌వే. 2019 వచ్చేసరికి ఆ వాటా ఒక శాతం లోపుకు పడిపోయింది. ఇంత సురక్షితమని పేరు తెచ్చుకున్న చికిత్సను పదేళ్లు తిరగకముందే సర్జన్లే ఎందుకు పక్కన పెట్టేశారు? బ్యాండ్ గురించి ఆలోచిస్తున్న ప్రతి ఒక్కరూ ముందు ఈ ప్రశ్న దగ్గర ఆగాలి.

జవాబు కోసం అది పనిచేసే తీరును దగ్గరగా చూడాలి. బ్యాండ్ పైన 15 నుంచి 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిలాంటి భాగం మిగులుతుంది. తిన్నది అక్కడి నుంచి మెల్లగా కిందికి దిగుతుంది. ఆ ఒత్తిడి వల్ల కొద్దిగా తినగానే తృప్తి కలుగుతుంది. అయితే ఆ ఒత్తిడి ఎంత ఉండాలన్నది ఆపరేషన్ రోజున తేలే విషయం కాదు. దాదాపు ఆరు వారాలయ్యాక మొదటిసారి బ్యాండ్ బిగిస్తారు. రోగిని పడుకోబెట్టి తలా భుజాలూ కాస్త ఎత్తమంటారు. పొట్ట కండరం బిగుసుకున్నప్పుడు చర్మం కింద అమర్చిన పోర్టు వేలికి తగులుతుంది. పెద్ద గుండీ అంత ఉండే ఆ పోర్టులోకి ప్రత్యేకమైన సూదితో కొద్దిగా సెలైన్ ఎక్కిస్తారు. అది సన్నటి గొట్టం గుండా వెళ్లి బ్యాండ్ లోపలి బుడగను ఉబ్బిస్తుంది. తర్వాత కూర్చోబెట్టి గ్లాసుడు నీళ్లు తాగిస్తారు. నీళ్లు సాఫీగా దిగితే ఇంటికి పంపుతారు. ఛాతీలో పట్టేసి పైకి తన్నుకొస్తే, ఎక్కించిన దానిలో కొంత వెనక్కి తీస్తారు. హాయిగా తినగలగడానికీ గుక్కెడు నీళ్లు కూడా దిగకపోవడానికీ మధ్య తేడా ఒక్కోసారి అర మిల్లీలీటరే.

మొదటి ఏడాది ఇలా పలుమార్లు వెళ్లాలి. ఆ తర్వాత కూడా ఈ పని పూర్తిగా ఆగదు. బరువు తగ్గేకొద్దీ జీర్ణాశయం చుట్టూ ఉన్న కొవ్వు కరిగి బ్యాండ్ వదులవుతుంది, మళ్లీ బిగించాలి. వాంతులు మొదలైతే వదులు చేయాలి. గర్భం దాల్చినప్పుడు సెలైన్ తీసేయవలసి రావచ్చు. ఈ వెసులుబాటు బ్యాండ్‌కున్న మంచి గుణాల్లో ఒకటని ఒప్పుకుని తీరాలి.

ఇక తిండి సంగతి. మెత్తటి రొట్టె, సరిగా నమలని మాంసం, పీచు ఎక్కువగా ఉన్న కూరగాయలు బ్యాండ్ దగ్గర ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నది దిగదు, వెంటనే పైకీ రాదు. నోట్లో జిగురుగా లాలాజలం ఊరుతూనే ఉంటుంది, రొమ్ము ఎముక వెనుక నొప్పి పట్టేస్తుంది, నలుగురితో కలిసి భోజనం చేస్తున్న మనిషి మాట మధ్యలో ఆపి లేచి వెళ్లిపోవలసి వస్తుంది. కొన్నాళ్లకు ఏది తింటే ఇరుక్కుంటుందో శరీరానికి తెలిసిపోతుంది. అప్పుడు చాలామంది తమకు తెలియకుండానే సులువుగా జారిపోయేవాటి వైపు మళ్లుతారు. ఐస్‌క్రీము, చాక్లెట్, తియ్యటి పానీయాలు బ్యాండ్‌ను దాటుకుని దిగిపోతాయి. మంచి ఆహారాన్ని అడ్డుకుని, వద్దనుకున్న దాన్ని వదిలేసే పరికరం ఇది. నా దృష్టిలో బ్యాండ్‌లోని అతి పెద్ద లోపం ఇదే. దీన్ని రోగి బలహీనత కింద జమకట్టడం అన్యాయం. జీర్ణాశయంలో చాలా భాగాన్ని కోసి తీసేసే స్లీవ్, జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుల దారి మళ్లించే బైపాస్ ఆపరేషన్లలో ఆకలిని నడిపించే హార్మోన్లలోనే గణనీయమైన మార్పు వస్తుంది. బ్యాండ్ వల్ల ఆ స్థాయి మార్పు రాదు.

అంకెల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి చేసి, 2013లో ప్రచురించిన అధ్యయనంలో మూడేళ్ల తర్వాత బైపాస్ చేయించుకున్నవారు ఆపరేషన్ నాటి బరువులో సుమారు 31.5 శాతం తగ్గితే, బ్యాండ్ వేయించుకున్నవారు 15.9 శాతం తగ్గారు. మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసిన అవసరం ఇంకా కలవరపెట్టే విషయం. బ్యాండ్ కిందికి జారవచ్చు. పైన ఉన్న సంచి సాగిపోవచ్చు. గొట్టం లీకు కావచ్చు. పోర్టుకు ఇన్‌ఫెక్షన్ సోకవచ్చు. అన్నింటికంటే చెడ్డది, బ్యాండ్ ఏళ్ల తరబడి ఒరుసుకుంటూ జీర్ణాశయం గోడను తొలుచుకుని లోపలికి వెళ్లడం. బెల్జియంలో ఒక వైద్య బృందం తమ పాత రోగులను పన్నెండేళ్లు దాటాక పిలిచి పరీక్షించి 2011లో ఫలితాలు వెల్లడించింది. వచ్చినవారిలో దాదాపు సగం మందికి బ్యాండ్ తీసేయవలసి వచ్చిందని తేలింది. అమెరికాలో ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమా లెక్కలను పరిశీలించిన 2017 నాటి అధ్యయనం ప్రకారం, బ్యాండ్ కోసం ఆ బీమా పథకం చెల్లించిన మొత్తంలో సగానికి కాస్త తక్కువ, అంటే దాదాపు 48 శాతం, మళ్లీ చేసిన ఆపరేషన్లకే పోయింది.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాచడం తగదు. ఆస్ట్రేలియాలో పాల్ ఒబ్రియన్ బృందం తమ రోగుల్లో 15 ఏళ్ల తర్వాత కూడా అదనపు బరువులో, అంటే ఉండవలసిన దానికి మించి ఉన్న బరువులో, 47 శాతం తగ్గుదల నిలిచిందని 2013లో ప్రకటించింది. అదే సిలికాన్ పట్టీ, అదే ఆపరేషన్, ఫలితం మాత్రం వేరు. ఎందుకు? ఆ బృందం రోగులను విడిచిపెట్టలేదు. క్రమం తప్పకుండా పిలిచి బ్యాండ్ సరిచేసింది, తినే తీరు మీద శిక్షణ ఇచ్చింది, సమస్య వస్తే వెంటనే చూసింది. అంత చేసినా వారిలోనూ చాలామందికి రెండో ఆపరేషన్ తప్పలేదు. ఈ దేశాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే. బ్యాండ్ వేయించుకోవడమంటే ఒక క్లినిక్‌తో దీర్ఘకాలం ముడిపడటం. ఆ క్లినిక్ మీకు అందుబాటులో లేకపోతే, లేదా ఆపరేషన్ అయ్యాక మిమ్మల్ని పట్టించుకోకపోతే, బ్యాండ్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరగవచ్చు. సర్జన్ ఊరు మారినా, ఉద్యోగం విడిచినా ఇదే ఇబ్బంది. బ్యాండ్లు వేయడం తగ్గిపోవడంతో వాటిని సరిచేయగల అనుభవం ఉన్నవారూ తగ్గిపోతున్నారు. కొత్తగా వేయించుకునేవారు దీన్ని చాలా గట్టిగా పట్టించుకోవాలి.

తీసేయవచ్చన్న భరోసా కూడా సగం నిజమే. పట్టీని తీయవచ్చు. కానీ దాని చుట్టూ అప్పటికే మచ్చ కణజాలం పేరుకుని ఉంటుంది, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవచ్చు. ఆ తర్వాత స్లీవ్ గానీ బైపాస్ గానీ చేయాలంటే సర్జన్‌కు పని కష్టమవుతుంది, రోగికి చిక్కులు పెరిగే అవకాశమూ ఎక్కువ. పోయిన బరువు చాలామందిలో తిరిగి వస్తుంది కూడా. ప్రకటనల్లో ఈ వివరాలు ఉండవు. కాలిఫోర్నియాలో రహదారుల పక్కన పెట్టిన బ్యాండ్ ప్రకటనలు ప్రమాదాలను తగినట్టుగా చెప్పడం లేదని 2011 డిసెంబరులో ఎఫ్‌డీఏ అక్కడి శస్త్రచికిత్స కేంద్రాలకూ ఒక ప్రచార సంస్థకూ హెచ్చరిక లేఖలు పంపింది. ఆరోగ్యం మీద ఇంత ప్రభావం చూపే నిర్ణయాన్ని హోర్డింగు చూసి తీసుకునే పరిస్థితి ఎక్కడా రాకూడదు.

ఆపరేషన్ ఎవరికి అవసరం అన్న ప్రశ్నకు ఒకప్పుడు 1991 నాటి కొలత వాడేవారు. ఎత్తుకు తగ్గట్టు బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి దానితోపాటు బరువు తెచ్చిన జబ్బు ఉండాలి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని సడలించాయి. ఇప్పుడు 35 దాటితే వేరే జబ్బు లేకున్నా సిఫారసు చేయవచ్చు. 30 దాటి మధుమేహంలాంటి సమస్య ఉంటే ఆలోచించవచ్చు. ఆసియా మూలాలున్నవారికి తక్కువ బరువుకే మధుమేహం, గుండెజబ్బు వస్తున్నందున వారికి 27.5 నుంచే ఆపరేషన్ అవకాశం ఇవ్వాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే ఆపరేషన్‌కు అర్హత ఉండటం వేరు, బ్యాండ్‌కు సరిపోవడం వేరు. తరచూ పులితేన్పులు, గుండెలో మంట ఉన్నవారు, జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారే హయాటస్ హెర్నియా పెద్దగా ఉన్నవారు, అన్నవాహిక కదలికల్లో లోపం ఉన్నవారు, క్రోన్స్ లాంటి పేగు వ్యాధి ఉన్నవారు బ్యాండ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. మనసు బరువెక్కినప్పుడల్లా అదుపు తప్పి తినే అలవాటు ఉంటే ముందు దానికి చికిత్స జరగాలి. దానికి సిగ్గుపడవలసిన పనిలేదు. అదీ వైద్యమే.

మధుమేహం విషయంలో బ్యాండ్‌కు ఒక మంచి మార్కు ఉంది. 2008లో ఆస్ట్రేలియాలో 60 మందితో జరిపిన పరీక్షలో, వ్యాధి బయటపడి రెండేళ్లు దాటనివారిలో బ్యాండ్ వేయించుకున్న 73 శాతం మందికి రెండేళ్ల తర్వాత మధుమేహం అదుపులోకి వచ్చి ఉపశమించింది. మామూలు చికిత్సలో ఉన్నవారిలో ఇది 13 శాతమే. బరువు తగ్గడమే ఇందుకు కారణం. కాబట్టి ఇంకా ఎక్కువ బరువు తగ్గించే మార్గం దొరికినప్పుడు బ్యాండ్‌కు ప్రత్యేకమైన ఆధిక్యమేమీ మిగలదు.

అలాంటి మార్గాలు ఇప్పుడు వచ్చాయి. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గినట్టు 2021లో, టిర్జెపటైడ్ అధిక మోతాదుతో 72 వారాల్లో 20.9 శాతం తగ్గినట్టు 2022లో పరీక్షలు తేల్చాయి. వేర్వేరు పరీక్షల్లో వేర్వేరు మనుషులు కాబట్టి ఈ అంకెలను బ్యాండ్ అంకెలతో నేరుగా తూకం వేయకూడదు. అయినా ఎంత తేడా ఉందో తెలుస్తోంది. శరీరంలో శాశ్వత మార్పు వద్దనుకునేవారికి ఒకప్పుడు బ్యాండే దిక్కు, ఇప్పుడు కాదు. మందులకూ ఇబ్బంది ఉంది. సెమాగ్లుటైడ్ ఆపినవారు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి పెరిగారు. ఏళ్ల తరబడి వాడలేనివారికీ, అధిక బరువు మరీ ఎక్కువగా ఉన్నవారికీ స్లీవ్, బైపాస్ అక్కరకు వస్తాయి. బ్యాండ్ ఈ రెంటి మధ్య ఇరుకునపడింది.

ఇన్ని తెలిసి కూడా కొందరు బ్యాండే ఎంచుకోవడానికి వైద్యంతో సంబంధం లేని ఒక కారణం ఉంది. "నోరు కట్టుకుంటే చాలదా, ఆపరేషన్ ఎందుకు?" అన్న మాట లావుగా ఉన్న ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు విని ఉంటారు. ఆ మాట పడీ పడీ, తనకు పెద్ద చికిత్స పొందే హక్కు లేదనీ, ఏదో చిన్నదానితో సరిపెట్టుకోవాలనీ అనుకునే స్థితికి వస్తారు. దీన్ని నేను ఏ మాత్రం ఒప్పుకోను. స్వీడన్‌లో 1987లో మొదలైన సుదీర్ఘ అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు చేయించుకోనివారి కంటే తక్కువగా ఉన్నాయని 2007లో తేలింది. ఇది ప్రాణానికి సంబంధించిన వైద్యం. సిగ్గుతో చిన్న ఆపరేషన్ ఎంచుకోవడం, కోపంతో పెద్ద ఆపరేషన్ ఎంచుకోవడం రెండూ మనిషిని దెబ్బతీసేవే.

మరి బ్యాండ్ ఎవరికీ పనికిరాదా? కొద్దిమందికి పనికొస్తుంది. జీర్ణాశయం కోతను మనసారా వద్దనుకునేవారు, విటమిన్ల లోపం వల్లనో మందులు సరిగా ఒంటబట్టకపోవడం వల్లనో బైపాస్ ఇబ్బంది తెచ్చిపెడుతుందని డాక్టర్లు భావించినవారు, నెమ్మదిగా నమిలి తినడం అలవడినవారు, నమ్మకంగా చూసుకునే బృందం దగ్గరలో ఉన్నవారు ఆలోచించవచ్చు. అలాంటివారు కూడా సర్జన్ ముందు కూర్చున్నప్పుడు ఎంత బరువు తగ్గుతానని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. మీరు వేసిన బ్యాండ్లలో పదేళ్ల తర్వాత ఎన్ని ఇంకా లోపలే ఉన్నాయి, ఎన్ని తీశారు, బ్యాండ్ సరిచేసేది మీరేనా, మీరు లేకపోతే ఎవరు, అర్ధరాత్రి నీళ్లు దిగకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అని అడగాలి. సూటిగా చెప్పలేకపోతే మరొకరిని సంప్రదించండి. బ్యాండ్ మాత్రమే వేసే చోట కాకుండా అన్ని పద్ధతులూ చేసే చోట రెండో అభిప్రాయం తీసుకోండి.

ఇప్పటికే బ్యాండ్ ఉన్నవారికి ఒక మాట. హాయిగా తింటూ, బరువు నిలకడగా ఉంటే భయపడి తీయించుకోనక్కరలేదు. ఏడాదికొకసారైనా చూపించుకుంటే చాలు. రాత్రి పడుకోగానే దగ్గు, నోట్లోకి పుల్లటి నీళ్లు, రోజూ వాంతులు ఉంటే మాత్రం, బ్యాండ్ ఉన్నాక ఇవి మామూలేనని సర్దుకుపోకండి. ముందుగా సెలైన్ తీయించుకుని వదులు చేయించుకోవాలి. తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా, ద్రవాలు కూడా దిగకపోయినా ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఆగని వాంతులతో శరీరంలో థయమిన్ (విటమిన్ బి1) తగ్గితే నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. బ్యాండ్ తీసేయవలసి వస్తే చాలామందికి స్లీవ్ గానీ బైపాస్ గానీ చేసే వీలుంటుంది. పులితేన్పులు ఎక్కువగా ఉన్నవారికి సాధారణంగా బైపాస్ నయం. బ్యాండ్ జీర్ణాశయం గోడలోకి చొచ్చుకుపోయి ఉంటే ముందు దాన్ని తీసి, లోపలి గాయం మానాక కొన్ని నెలలకు రెండో ఆపరేషన్ చేస్తారు.