గులాబీ రంగు పేపరు

అమెరికాలోని మెంఫిస్‌ నగరంలో నల్లవారి పత్రిక ‘ఫ్రీ స్పీచ్’ను గులాబీ రంగు కాగితం మీద అచ్చేసేవారు. చదువు రాని నల్లవారు ఆ పేపరు అడిగితే, కొందరు అమ్మేవాళ్లు వేరే పేపరు చేతిలో పెట్టి డబ్బులు తీసుకునేవారు. రంగు మార్చాక ఆ మోసం సాగలేదు. ఆ పత్రిక సంపాదకురాలు ఐడా బి. వెల్స్. 1862లో మిసిసిపీలో బానిస కుటుంబంలో పుట్టిన మనిషి. అక్షరం రానివాళ్లనూ తన పాఠకుల్లో లెక్కేసుకున్నారు.

ఆమెను ‘ధీర వనిత’ అని ఒక్క ముక్కలో పొగిడేసి ఊరుకోవడం నాకు నచ్చదు. నన్ను కదిలించేది ఆమె ఒప్పుకోలు. గుంపులు నల్లవారిని చంపుతున్నాయంటే ఏదో అత్యాచారం జరిగే ఉంటుందని మొదట్లో తానూ నమ్మానని ఆత్మకథలో రాసుకున్నారు. పేపర్లన్నీ అదే రాసేవి మరి. 1892 మార్చిలో ఆమె స్నేహితుడు, పోస్ట్‌మ్యాన్ థామస్ మోస్‌ను, మరో ఇద్దరిని జైల్లోంచి లాక్కెళ్లి కాల్చేశారు. వాళ్ల మీద అత్యాచారం ఆరోపణ కూడా లేదు. వాళ్ల కిరాణా కొట్టు ఒక తెల్ల వ్యాపారి బేరానికి గండి కొట్టింది, అంతే.

మేలో ఆమె ఆ పాత సాకు అబద్ధమని సంపాదకీయం రాశారు. ఆమె ఊళ్లో లేనప్పుడు తెల్లవారి గుంపు పత్రిక ఆఫీసును ధ్వంసం చేసింది, తిరిగొస్తే చంపుతామని బెదిరించింది. ఆమె న్యూయార్క్‌లోనే ఉండిపోయి ఆ గుంపు హత్యల లెక్కలు తీశారు. తెల్లవారి పత్రికలు అచ్చేసిన అంకెలే తీసుకున్నారు, ఎవరూ కాదనకుండా. అప్పటికి ఎనిమిదేళ్లలో గుంపులు చంపింది 728 మంది నల్లవారిని. అత్యాచారం ఆరోపణ ఉన్నది అందులో మూడోవంతు మంది మీదే. అదీ ఆరోపణే, రుజువు కాదు.

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ వాట్సాప్ పుకార్లు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులను కొట్టించాయి. మూక దాడి వార్తలో చనిపోయినవాడి మీది ఆరోపణే హెడ్డింగ్‌గా కనిపిస్తే, ఆ 728 నాకు గుర్తొస్తుంది.

ఆమె 1931లో చనిపోయారు. అమెరికా పత్రికారంగంలో పేరున్న పులిట్జర్ పురస్కారాల ప్రత్యేక గౌరవం 2020లో గానీ రాలేదు. అయినా నాకు ఎక్కువగా గుర్తుండేది ఆర్కాన్సా జైలు. 1919లో ఆ రాష్ట్రంలోని ఎలైన్‌లో నల్లవారి మీద జరిగిన మారణకాండ తర్వాత 12 మంది నల్ల రైతులకు మరణశిక్ష వేశారు. మెంఫిస్ వదిలాక ఏళ్ల తరబడి అమెరికా దక్షిణాది రాష్ట్రాల ముఖం చూడని ఆమె, ఖైదీల బంధువునంటూ ఆ జైల్లోకి వెళ్లారు. ఒక్కొక్కరినీ అడిగి, ఎవరు ఎన్ని ఎకరాలు సాగు చేశారో, ఎంత పత్తి పోగొట్టుకున్నారో రాసుకొచ్చి అచ్చేశారు.