చివరి ఫ్లాటుకూ వంతు రావాలి

కూకట్‌పల్లిలోని ఏ అపార్ట్‌మెంటులోనైనా రాత్రి తొమ్మిదింటికి ఫోనులో వైఫై జాబితా తెరిస్తే ఇరవై పాతిక పేర్లు బారులు తీరి కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదానిపై ఒకటి పడకుండా ఇమిడేవి 1, 6, 11 అనే మూడే చానళ్లు. వేగం తగ్గిందనగానే మరిన్ని యాంటెన్నాల రౌటర్ తెచ్చి గోడకు తగిలించడం నగరవాసికి అలవాటైపోయింది. కొమ్ములు మొలిచిన ఆ పెట్టె పక్కింటివారి ఇబ్బందిని ఒక్కోసారి పెంచుతుంది కూడా.

బహుళ యాంటెన్నాల విద్యను మేం తక్కువ చేయడం లేదు. దానిపై 1994లో తొలి పేటెంట్లలో ఒకటి పొందినవారిలో, మన నౌకాదళంలో పనిచేసి స్టాన్‌ఫర్డ్ చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ ఒకరు. అయితే ఆ యాంటెన్నాలతో ఒకేసారి పంపే సొంత సమాచార ధారలను పెంచుకోవచ్చు, లేదా పొరుగు లింకు (పక్కింటి రౌటరుకూ ఫోనుకూ మధ్య సంబంధం) వైపు మన సంకేతం పోకుండా అణచుకోవచ్చు. అందరూ మొదటి దారే పట్టిన చోట, ముంచెత్తే పరాయి ధారలను ఏరివేయడం ఎవరి రిసీవరుకూ సాధ్యం కాదు.

అందరి వేగాలూ కలిపిన మొత్తాన్నే కొలబద్దగా పెట్టుకుంటే బలహీనమైన లింకును ఆపేయడమే లాభసాటిగా తేలవచ్చు. ఎగువ పొలాలకే నీరు పెట్టి, చివరి ఆయకట్టును ఎండబెట్టి, దిగుబడి బ్రహ్మాండమని చెప్పుకోవడం లాంటిదే ఇది. అలాగని అందరికీ ఒకే వేగం ఇవ్వబోతే, గోడచాటు ఫోను ఒక్కటే చానల్ సమయాన్ని మింగేసి అందరినీ తన నడకకు దించుతుంది. గణితవేత్త ఫ్రాంక్ కెల్లీ 1990ల చివర సూత్రీకరించిన అనుపాత న్యాయం మధ్యేమార్గం: తక్కువ అందుతున్నవారికి చేరే ఒక్కో మెగాబిట్టుకు ఎక్కువ విలువ కట్టాలి. ఒకే చానల్‌ను వంతులవారీగా వాడేచోట అది దాదాపు కాలువ నీటిని పొలాలకు గంటల లెక్కన వంతులేసే మన వారబందీయే. అందరికీ సమానంగా దక్కేది సమయం, ఎవరి వేగం వారిది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అమెరికా 2020లో 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో 1,200 మెగాహెర్ట్జ్‌ను వైఫై వంటి లైసెన్సు లేని వినియోగానికి తెరవగా, కేంద్ర టెలికాం శాఖ 2025 మేలో 5,925 నుంచి 6,425 వరకు 500 మెగాహెర్ట్జ్‌కు ముసాయిదా నిబంధనలు ప్రకటించింది. ప్రసార శక్తికి హద్దు పెట్టి ఊరుకుంటే చాలదు. నాలుగు లింకులు ఢీకొన్నప్పుడు పరికరం ధారలు తగ్గించుకుంటుందా, లేదా అన్నది కూడా ధ్రువీకరణ పరీక్షలో చేరాలి.

ఈలోగా అపార్ట్‌మెంటు సంఘాలు ఒక ఆదివారం కూర్చుని ఏ ఫ్లాటుకు ఏ చానలో రాసుకోవచ్చు. వేసవిలో నీళ్ల ట్యాంకరు వంతులు రాసే పుస్తకంలోనే ఒక పేజీ సరిపోతుంది.