గోదారి గట్టు మీద నడిచేవాడికి చోటేదీ?

వరదొస్తే తప్ప మన టీవీలకు ధవళేశ్వరం గుర్తురాదు. అక్కడి బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదావరి జిల్లాల్లో ఈ అంకెలు చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. నీళ్లు తీశాయా, మళ్లీ వానాకాలం దాకా ఆ ఊరి సంగతి ఎవరికీ పట్టదు.

నేను చెప్పేది ఆ మిగతా నెలల గురించి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర బయల్దేరి రాజమండ్రి పుష్కరాల రేవు దాకా గట్టెంబడి నడిచెళ్లడమంత తేలికైన షికారు ఇంకోటి చూపించండి. గట్టిగా ఏడెనిమిది కిలోమీటర్లు. ఎక్కే కొండ లేదు, కొనే టికెట్టు లేదు. ఎడమ చేతి వైపు గోదారి ఉందంటే దారి తప్పలేదన్నట్టే. ఇంత మంచి దారిని నడవడానికి పనికిరాకుండా చేసిపెట్టుకున్నాం. నా కోపమంతా అదే.

ముందు ఆ దారిలో ఏముందో చెప్తాను, చాలామంది కార్లో సర్రున వెళ్లిపోయేవాళ్లే కాబట్టి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టించింది ఇక్కడే. ఎందుకిక్కడే అన్నది కాగితం మీద చదివితే బుర్రకెక్కదు, అక్కడ నిలబడితే అర్థమవుతుంది. నది గౌతమిగా, వశిష్ఠగా చీలిపోయే చోటు అది. మధ్యలో లంకలున్నాయి కాబట్టి ఒక్క పెద్ద గోడ కాకుండా నాలుగు ముక్కలుగా కట్టుకుంటూ పోవచ్చు. రాయి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ధవళేశ్వరం కొండే ఉంది. ఇప్పుడు కనిపించేది ఆ పాతది కాదు, తర్వాత కట్టిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగూ కలిపి 175 గేట్లు. పక్కనే కాటన్ మ్యూజియం ఉంది. ఒక గంట కేటాయించండి, దండగ కాదు.

అక్కణ్నుంచి పైకి నడుస్తుంటే ఒక సంగతి గమనించండి. బ్యారేజీకి దిగువన ఎండాకాలంలో ఇసుక తిన్నెలు తేలి ఉంటాయి. ఎగువన మాత్రం అవతలి ఒడ్డు మసగ్గా కనిపించేంత వెడల్పున నిండు నీళ్లు. రాజమండ్రి రేవుల్లో వేసవిలోనూ జనం మునుగుతున్నారంటే కింద ధవళేశ్వరంలో గేట్లు దించి ఉన్నాయి గనకే. రాజమండ్రి గోదారి అందమని మురిసిపోయేవాళ్లు అందులో సగం ధవళేశ్వరం ఖాతాలో వెయ్యాలి.

ఇక అసలు విషయం. మొన్న కార్తీకంలో మా పిన్నిని తీసుకుని ఇదే దారిన బయల్దేరాను. వంద గజాలు కూడా నడవలేదు, ఆటో ఆగింది. "రాజమండ్రికా అండీ? నడిచా? ఎందుకండీ బాబూ, ఎక్కండి, ఎంతోకొంత ఇద్దురుగాని" అన్నాడు. పాపం అతని తప్పేం లేదు. ఆ రోడ్డు మీద పని లేకుండా నడిచేవాళ్లను చూసి ఎన్నాళ్లయిందో. ఒక పక్క ఇసుక లారీలు, ఇంకో పక్క చెత్త కుప్పలు, మధ్యలో మిగిలిన జానెడు అంచు మీద ఇద్దరం ఒకరి వెనక ఒకరం. లారీ వచ్చినప్పుడల్లా పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆగిపోయేది. ఇంటి దగ్గర లీటరు సీసా నింపుకొచ్చింది, దారి పొడుగునా ఒక్క గుక్క తాగలేదు. తాగవేంటి పిన్నీ అంటే, "తాగితే ఎక్కడికెళ్లనురా?" అంది.

ఊళ్లోకి వచ్చాక పరిస్థితి కొంచెం నయం. ఘాట్లు, మెట్లు, రెయిలింగులు, లైట్లు ఉన్నాయి. కానీ అవన్నీ ఎవరి కోసం? పన్నెండేళ్లకోసారి పన్నెండు రోజులు వచ్చే జనం కోసం. ఆ జనాన్ని కూడా మనం ఎంత బాగా చూసుకున్నామో 2015 జులై 14న పుష్కర ఘాట్‌లో తెలిసిపోయింది. తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. మళ్లీ 2027లో పుష్కరాలు. రాజమండ్రి పర్యాటకం కోసమని తలపెట్టిన అఖండ గోదావరి ప్రాజెక్టుకి 2025 జూన్‌లో శంకుస్థాపన కూడా అయింది. హేవలాక్ వంతెనను పర్యాటక కేంద్రం చేస్తామన్నారు. సంతోషం. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన ఆ వంతెన అప్పటినుంచి ఊరికే ఉంది. దాని మీద నడవాలని నాకూ ఆశే. కానీ వంతెన దాకా నడిచి రావడానికి దారి వెయ్యకుండా వంతెన మీద సెల్ఫీ పాయింట్ పెడితే వచ్చేది కార్లే, పార్కింగ్ గొడవే.

నేనడిగేవి గొప్ప కోరికలేం కావు. బ్యారేజీ నుంచి రేవు దాకా ఎక్కడా తెగిపోని కాలిబాట. లారీలకూ దానికీ మధ్య ఒక అడ్డుగోడ. దారిలో రెండు మూడు చోట్ల తాళం వెయ్యని మరుగుదొడ్లు. చెట్లు మాత్రం కాస్త ఆలోచించి నాటాలి. గట్టుకి నది పడమర వైపు, అంటే మధ్యాహ్నం తిరిగాక ఎండ నీళ్ల మీదుగా నేరుగా మొహాన కొడుతుంది. రోడ్డు వైపు నాటిన మొక్క అందానికే, నీడ కావాలంటే నీళ్ల వైపు నాటాలి. ఒక్కసారి సాయంత్రం మూడింటికి నడిచి చూసిన ఇంజినీరుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. విగ్రహాల మాట ఎత్తకండి. ఇప్పుడున్నవి చాలు.

"ఎవరు నడుస్తారండీ" అనేవాళ్లకు కూడా ఒక మాట. పొద్దున్నే రాజమండ్రి గట్టు మీదకు రండి, ఎంతమంది వాకింగ్‌కి వస్తారో చూడండి. ఆ కాస్త మేర అటూ ఇటూ తిరిగి వెళ్లిపోతారు, ముందుకెళ్లే వీలు లేక. గోదారి గట్టు మీదే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. 28 ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి ఎలాంటి బొమ్మలు వేశాడో చూస్తే కాళ్ల నొప్పులు మర్చిపోతారు. ఆ దగ్గర్లోనే రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం. నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు, వీరేశలింగం గారు 1881లో వితంతు వివాహం జరిపించిన ఊరు. ఇన్ని ఉన్న ఊరికి నడిచి వచ్చే ఒక్క మంచి దారి లేదంటే ఎవరికైనా చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండదూ?

ఈ ఏడు చలికాలంలో ఎవరైనా వెళ్లాలనుకుంటే పొద్దున ఏడింటికల్లా ధవళేశ్వరంలో ఉండండి, ఎండ వీపు పక్కన ఉంటుంది. మాస్కు పట్టుకెళ్లండి, ఇసుక దుమ్ముకి. ఆడవాళ్లుంటే బయల్దేరే ముందే ఎవరింట్లోనో ఆ ఏర్పాటు చూసుకోండి. చివర్లో రోజ్ మిల్క్ తాగండి. లారీల ఫొటోలు తీస్తే ఇక్కడ కామెంట్లో పెట్టండి, అన్నీ కలిపి కలెక్టరు గారికిచ్చే అర్జీకి జత చేద్దాం.