మూడో అంతస్తు నుంచి అఖాతం దాకా

బెంగళూరు తెలుగు ఐటీ ఉద్యోగుల్లోని నావికా ప్రతిభను ఎవరూ గుర్తించకపోవడం దేశానికి తీరని లోటు. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉందన్న ఒక్క సాకుతో మమ్మల్ని పక్కన పెట్టారు. ఈ మాట ఊరికే అనడం లేదు. మా మారతహళ్లి అపార్ట్‌మెంటు మూడో అంతస్తు మేనేజరుగారు (సొంతూరు తెనాలి) జీతం లేని సెలవు పెట్టి, స్నేహితుడి తెరచాప పడవెక్కి, థాయిలాండ్ వైపు అండమాన్ సముద్రంలో మనుషుల్లేని ఒక అఖాతంలో లంగరేసుకుని కూర్చున్నారు. ప్రశాంతత కోసమట. ఆయన వీడియోలు చూస్తున్నకొద్దీ నాకు ఒకటే ధైర్యం. అందులో మనకు రాని విద్య ఒక్కటీ లేదు.

లంగరు వేయడమంటే ఇనుపముక్కను నీళ్లలో పడేయడమే అనుకునేవాళ్లు అమాయకులు. పోటు మీద ఆరు మీటర్ల లోతుంటే గొలుసు 30 మీటర్లైనా వదలాలి. బరువైన గొలుసు అడుగున పరుచుకుంటేనే లాగుడు అడ్డంగా పడి, లంగరు ఇసుకలో దిగబడుతుంది. నిటారుగా లాగితే ఊడొస్తుంది. ఇంతా చేశాక గాలి మళ్లినప్పుడల్లా పడవ ఆ గొలుసు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పక్క పడవా తిరుగుతుంది. అఖాతమంతా ఖాళీగా ఉన్నా రెండో పడవవాడు వచ్చి సరిగ్గా మన పక్కనే ఆపుతాడు, ఇక "కొంచెం అటు జరుపుకోండి సార్" మొదలు. బేస్‌మెంటు పార్కింగులో ఆరితేరినవాడికి ఇదొక లెక్కా?

రాత్రి రెండింటికి ఫోన్‌లో అలారం మోగుతుంది, లంగరు జారిందని. సర్వర్ పడిపోయిందని ఇన్నేళ్లూ అదే వేళకు లేచిన మనిషి కాబట్టి, మేనేజరుగారు టెన్షన్ పడకుండా లేచి, ముందు తప్పెవరిదో తేల్చారు. తర్వాతే గొలుసు పట్టుకున్నారు.

లంగరేసిన పడవ పగలు ముందువైపు నల్లటి గుండొకటి వేలాడదీయాలని అంతర్జాతీయ నిబంధన కూడా ఉంది. రాత్రయితే తెల్ల దీపం. కొత్త బిల్డింగుకు కట్టే దిష్టి గుమ్మడికాయ లాంటిదన్నమాట. నిబంధన రాసిన కమిటీలో మనవాడొకడు ఉండే ఉంటాడు.

ఇక నీళ్లు. ఇక్కడ కాస్త నిదానించాలి. పడవలో గిన్నెలు ఉప్పునీటితో తోమి, చివర్లో ఒక్క గ్లాసు మంచినీళ్లతో తొలుస్తారు. స్నానమంటే సముద్రంలో దూకి సబ్బు రుద్దుకోవడం, పైకొచ్చాక రెండు చెంబులు పోసుకోవడం. ఉప్పునీటిని మంచినీరు చేసే ఆర్‌ఓ యంత్రం ఉంది కానీ అది బ్యాటరీలను పీల్చేస్తుంది. బ్యాటరీలు నిండాలంటే ఎండ కాయాలి. అంటే మబ్బు పట్టిన రోజున చుట్టూ సముద్రం పెట్టుకుని దాహానికి లెక్కలేసుకోవాలి. ఇదంతా ఆయన కళ్లు పెద్దవి చేసి చెబుతున్నారు. 2024 మార్చిలో తాగునీటితో కారు కడిగినా, మొక్కలకు పోసినా 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు నీటి బోర్డు ప్రకటించినప్పుడు ఈయన ఏ దేశంలో ఉన్నారో! గిన్నెలు తోమే నీళ్లు మిగలాలని జనం పేపర్ ప్లేట్లలో తిన్న వేసవి అది. తేడా ఎక్కడుందంటే, రెండు చెంబులతో స్నానం చేసి వీడియో పెట్టినవాడు సాహసికుడు. ట్యాంకరు రాక అవే రెండు చెంబులతో సరిపెట్టుకున్నవాడు అద్దెకున్నవాడు.

ప్రాక్టికల్స్ కూడా మనకు అయిపోయాయి. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు వైపు మునిగినప్పుడు లక్షల జీతగాళ్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోలేదూ?

పడవలోకి అట్టపెట్టెలు రానివ్వరట, మడతల్లో బొద్దింక గుడ్లుంటాయని. సరుకులన్నీ ఒడ్డునే విప్పి డబ్బాల్లో పోసుకుంటారు. అయినా ఉప్మారవ్వలో పురుగు పట్టింది. మేనేజరుగారు డెక్ మీద పళ్లెం పెట్టుకుని, ఒక్కో పురుగునీ వేలితో పక్కకు నెడుతుండగా తెనాలి నుంచి వాళ్లమ్మగారి ఫోను.

"ఇప్పుడు ఎక్కడికి పోతున్నార్రా?"

"ఎక్కడికీ లేదమ్మా, ఆగి ఉన్నాం."

"ఎన్నాళ్లు?"

"గాలి మారేదాకా."

"ఆగడానికి అంత దూరం పోవాలా నాన్నా?"

వీడియో అక్కడితో కట్ అయింది.

మనుషుల్లేని చోటికి ఫోనెలా వచ్చిందని అడక్కండి. పడవ నెత్తిన శాటిలైట్ పళ్లెం ఉంది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో "ఈ వారం ట్యాంకర్లు రెండా మూడా" అని పోల్ పెడితే మొదటి ఓటు ఆ అఖాతం నుంచే పడుతోంది. మొన్న అదే గ్రూపులో దరఖాస్తు కూడా పెట్టారు, తాను చుక్క నీరు వాడటం లేదు కాబట్టి మెయింటెనెన్స్ మాఫీ చేయాలని. మా సెక్రటరీ నెల్లూరాయన. మర్యాదస్తుడు. ఆయన జవాబు యథాతథంగా ఇస్తున్నాను:

"నమస్తే సార్. మీ నీళ్లు మీరే తయారు చేసుకుంటున్నారని తెలిసి చాలా సంతోషం. మిగిలితే ఒక ట్యాంకరు ఇటు పంపండి. మెయింటెనెన్స్ ఐదో తారీఖులోపు, లేటైతే ఫైన్."