పేరు కాదు సార్, టైమ్ ఇయ్యాల

ఆస్ట్రేలియా రగ్బీ జట్టుకు తర్వాతి హెడ్ కోచ్‌గా బాగా పేరున్నోణ్ణే తేవాలని వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను సార్. కోచ్ ఎడీ జోన్స్‌కు పేరు తక్కువా? 2023 జనవరిలో తెచ్చుకున్నారు. ఆ ఏడాది ప్రపంచ కప్‌లో చరిత్రలో మొదటిసారి గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టారు. అదే మనిషి జపాన్‌తో మూడేళ్లకు పైగా పనిచేశాక, 2015లో ఆ జట్టు దక్షిణాఫ్రికాను 34-32తో కొట్టింది. ఆఖర్లో 29-32 ఉన్నప్పుడు మూడు పాయింట్ల పెనాల్టీ తంతే డ్రా అయ్యేది. కెప్టెన్ మైకేల్ లీచ్ స్క్రమ్ (రెండు జట్లోళ్లు గుంపుగా తోసుకుంటా బంతి కోసం పోరాడేది) అడిగినాడు, ట్రై (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే వచ్చే ఐదు పాయింట్లు) పడింది! గ్రౌండులో అంత తెగువ ఒక సీజన్‌లో వస్తుందా? కొత్తాయనకు కనీసం నాలుగేళ్లన్నా ఇయ్యండి, ఒక సిరీస్ పోయిందని పీకేయొద్దు.

అనంతపురంలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిస్తుంటా. ఒకసారి టోర్నీకి నెల ముందు కొత్త టీమును నా చేతికిచ్చినారు. కూతకు పోయే పిల్ల ఒక కాలు గీత మీద పెట్టి, తల వెనక్కి తిప్పి, బోనస్ పాయింటుకు పోవాలా వద్దా అని ప్రతిసారీ నా మొహమే చూసేది. ఆ చూపు మాన్పించేసరికి రెండేళ్లు పట్టింది.