పందెం కాయకపోయినా మకావులో రోజు చాలదు

కాసినోలు తప్ప చైనాలోని మకావులో చూడ్డానికి ఏమీ లేదని, సగం పూట చాలని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. మేం ఒక్క పటాకా (అక్కడి డబ్బు) కూడా పందెం కాయకుండా పొద్దున్నుంచి రాత్రిదాకా హాయిగా తిరిగాం.

సెనాడో స్క్వేర్‌లో నలుపు తెలుపు రాళ్లతో అలల్లా పరిచిన నేల చూస్తూ నడిస్తే కాసేపటికే సెయింట్ పాల్స్ శిథిలాలు వస్తాయి. 1835లో తగలబడిన చర్చిలో ముందు గోడ, మెట్లు మాత్రం మిగిలాయి. అందరూ సెల్ఫీ దిగి వెళ్లిపోతారు గానీ ఆ గోడని తీరిగ్గా చూడాలి. క్రైస్తవ శిల్పాల మధ్య చైనా అక్షరాలు, ఏడు తలల పాము మీద నిలబడ్డ మేరీమాత! ఈ పాత పట్నానికి 2005లో యునెస్కో గుర్తింపు ఊరికే రాలేదు.

మధ్యాహ్నం బస్సులో మకావులోనే ఉన్న కొలోఆన్ అనే చోటికి వెళ్లాం. చిల్లర సరిగ్గా పెట్టుకోండి, బస్సులో తిరిగివ్వరు. అక్కడి ఎగ్ టార్ట్ (గుడ్డు కస్టర్డ్ నింపిన చిన్న పేస్ట్రీ) వేడివేడిగా తినాలి, పైన కాస్త మాడినట్టుండేదే అసలు రుచి. నేను మూడు తిన్నాను, ఇంకోటి తినగలిగేవాణ్ణే. మిన్చీ అనే అక్కడి వంటకం మాత్రం నాకు అంత నచ్చలేదు. కైమా, బంగాళదుంప ముక్కల మీద గుడ్డు వేసిస్తారు, చప్పగా ఉంది.

రాత్రికి పెద్ద పెద్ద కాసినోలుండే కోటాయ్ ప్రాంతం. సముద్రాన్ని పూడ్చిన నేల మీద అన్ని దీపాలు! వెనిషియన్ అనే కాసినో హోటల్‌లో భవనం లోపలే కాలువలు, పడవలు. కాసినోలోకి మాత్రం 21 ఏళ్లు నిండాలి, మా అబ్బాయి బయటే ఉండిపోయాడు. పాపం, వాడికి తోడుగా నేనూ.